చెరువు స్టాపు

పాకడం మాని నడక మొదలుపెట్టిన రోజుల్లోనే ఆ పిల్ల నాలుకను అంగిటికి కొట్టి టక్, టక్ మని చప్పుడు చెయ్యడం నేర్చుకుంది. చూపు లేకుండా పుట్టిందని అప్పటికే ఇంట్లో అందరికీ తెలుసు. ఈ చప్పుడెందుకో మాత్రం మొదట్లో ఎవరికీ అంతుపట్టలేదు. తలుపు దగ్గరికి వెళ్లి టక్ మనేది. మూసి ఉంటే ఆగేది, తెరిచి ఉంటే దాటిపోయేది. బీరువా ముందు టక్ మని పక్కకు తిరిగేది. చప్పుడు వెళ్లి దేన్నో తాకి వెనక్కి వస్తుందనీ, వచ్చిన తీరును బట్టి ఎదురుగా ఏముందో ఆ పిల్లకు తెలుస్తుందనీ ముందుగా కనిపెట్టినవాడు బాబాయి. "అచ్చం పిట్టే అన్నయ్యా నీ కూతురు," అన్నాడు. ఆ రోజు నుంచీ ఆమె పిట్ట. అసలు పేరు బళ్లో టీచర్లకు తప్ప ఎవరికీ అవసరం పడలేదు.

వాళ్లు మేడ మీద రెండు గదుల్లో ఉండేవాళ్లు. తండ్రికి ప్రెస్సులో రాత్రి డ్యూటీ. తెల్లారాక సిరా వాసనతో ఇంటికొచ్చి పక్క మీద వాలితే మళ్లీ సాయంత్రమే లేవడం. తల్లి బట్టల కొట్టుకు చొక్కా కాలర్లు కుట్టేది. ఆయన నిద్ర చెడకుండా మిషను కాళ్ల కింద పాత దుప్పటి మడతపెట్టి తొక్కేది. పిట్ట చూపులేని పిల్లల హాస్టల్లో ఉన్నన్నాళ్లూ ఫరవాలేదు. సెలవులొస్తే మాత్రం ఇల్లంతా టక్ టక్. మంచం చుట్టూ టక్ టక్. నాన్న ముక్కు దగ్గర టక్.

"నీకు దండం పెడతాను," అంది తల్లి ఒకరోజు మరిదితో. "ఈ పిల్లతో నా తల ప్రాణం తోకకొస్తోంది. కాసేపు నీ బస్సులో తిప్పుకు రాకూడదూ?"

బాబాయి సిటీ బస్సు డ్రైవరు. కింది గదిలో ఒంటరిగా ఉండేవాడు. పెళ్లి మాటెత్తితే "బస్సుందిగా, అది చాలు పోరుకి," అనేవాడు. మర్నాడు పొద్దున్నే పిట్టను చంకనేసుకుని తీసుకెళ్లి తన వెనక సీట్లో కూర్చోబెట్టాడు. డ్రైవరుతో మాట్లాడరాదని పైన బోర్డు రాసుంది. కండక్టరు దాన్ని చూపించాడు. "డ్రైవరు మాట్లాడకూడదని లేదుగా," అన్నాడు బాబాయి గేరు వేస్తూ.

బస్సు రొదలో నాలుక చప్పుడు పనికిరాదు. టక్ మంటే ఆ టక్ ఎటు పోయిందో తెలీదు. అందుకని పిట్ట బాబాయిని అడగడం మొదలుపెట్టింది. బజారు దాటేదాకా చెప్పడానికి బోలెడుంది. అద్దాల వెనక కోట్లు తొడుక్కుని నిలబడ్డ బొమ్మలు, సైకిలు మీద నిచ్చెన మోసుకుపోతున్న మనిషి, అరటిపళ్ల బండి కింద పడుకున్న కుక్క. వంతెన దిగి మలుపు తిరిగాక అసలు కష్టం మొదలైంది. అక్కణ్ణించి రోడ్డు పొడుగునా గోడౌన్లే.

"ఇప్పుడేముంది బాబాయ్?"

"గోడ."

కాసేపాగి, "ఇప్పుడు?"

"గోడే."

"ఇప్పుడు?"

"అదే గోడమ్మా, ఇంకా అయిపోలేదు."

"అయితే ఊరంటే గోడలేనా?" అంది పిట్ట.

డ్రైవరు అద్దంలో ఆ పిల్ల మొహం కనబడుతోంది. అది చూసి బాబాయి ప్రాణం ఉసూరుమంది. అంతలో స్టాపొచ్చింది, బస్సు ఆపాడు. కిటికీలోంచి చల్లగాలి తెర ఒకటి లోపలికొచ్చి పిట్ట నుదుటి మీద జుట్టు కదిలించింది.

"ఇక్కడ చల్లగా ఉందేంటి?"

"చెరువు," అన్నాడు బాబాయి. ఆ మాట నోట్లోంచి ఎలా ఊడిపడిందో ఆయనకే తెలీదు.

ముందు సీట్లో గొడుగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పెద్దాయన ఉలిక్కిపడి బయటికి చూశాడు. కండక్టరు టిక్కెట్టు చింపబోయి ఆగిపోయాడు. పిట్ట మొహం మాత్రం దీపం పెట్టినట్టయింది.

"ఎంత పెద్దది?"

బాబాయి నోరు తెరిచేలోగా వెనకనుంచి గుడ్ల గంపావిడ అందుకుంది. "చాలా పెద్దదమ్మా. అవతలి గట్టు కంటికి ఆనదు."

"పడవలున్నాయా?"

బస్సంతా ఊపిరి బిగబట్టింది. గొడుగాయన గొంతు సవరించుకున్నాడు. "రెండున్నాయి," అన్నాడు, కోర్టులో సాక్ష్యం చెబుతున్నంత గంభీరంగా. "ఒకటి కొంచెం పక్కకు ఒరిగింది."

అలా పుట్టింది చెరువు. సెలవులు అయ్యేలోగా దానికి ఒక గట్టు వచ్చింది, గట్టు మీద తుంగ మొలిచింది, గంపావిడ దయవల్ల బాతులు చేరాయి. రోజూ ఆ బస్సెక్కే జనం చెరువు రాగానే వంతులేసుకుని చెప్పేవాళ్లు. ఈరోజు నీళ్లు తగ్గాయని ఒకరు. కాదు, గాలికి అలా కనిపిస్తోందని ఇంకొకరు. కొత్తగా ఎక్కినవాళ్లు ఎవరైనా "చెరువేంటండీ?" అనబోతే పక్కనున్నవాళ్లు మోచేత్తో పొడిచేవాళ్లు. కండక్టరు మొదట సరదాకు "చెరువు, చెరువు దిగేవాళ్లు!" అని కేకేశాడు. తర్వాత అలవాటైపోయింది. వేరే బస్సుల కండక్టర్లు అతని దగ్గర విని వాళ్లూ అనసాగారు. బాబాయి అక్కడితో ఆగలేదు. మలుపు దగ్గర నిండా కిటికీలున్న తెల్ల ఇల్లు కట్టాడు. కూడలిలో గుర్రమెక్కిన మనిషి విగ్రహం నిలబెట్టాడు. ఎక్కడో మెట్లు మెట్లుగా కిందికి దిగిపోయే ఒక వీధి తవ్వాడు.

పిట్ట చెరువులో రంగుల్లేవు. అందులో ఉన్నదల్లా ఒక చల్లదనం, ఒక వెడల్పు. అక్కడ నిలబడి టక్ మంటే ఆ చప్పుడు నీళ్ల మీద పడి అలా వెళ్లిపోతూనే ఉంటుంది, వెనక్కి రాదు అనుకునేది. బస్సు ఆగినప్పుడు దూరంగా బరువైనదేదో సర్రున జారి, చివర దబ్బున ఆగే చప్పుడు వినిపించేది. పడవలు లాగుతున్నారు కాబోలు అనుకునేది. హాస్టల్లో నిద్రపట్టని వేళ ఆ సర్రుమనే చప్పుడు తలుచుకుంటే ఒళ్లు తేలికైపోయి, మంచం కిందనుంచి నీళ్లు కదులుతున్నట్టుండేది.

పిట్ట పెద్దదయింది. కర్ర నడక నేర్పే టీచరమ్మ దగ్గర తెల్ల కర్ర పట్టడం నేర్చుకుంది. కర్ర చేతికొచ్చాక ఊరు కాళ్ల కిందికి వచ్చింది. తారు రోడ్డు మీద కర్ర మొన ఒకలా గీరుతుంది, రాతి పలక మీద ఇంకోలా మోగుతుంది. మ్యాన్‌హోలు ఇనపమూత మీద పడితే కింద పెద్ద గది ఏదో ఉన్నట్టు గుయ్యిమంటుంది. బట్టల కొట్టు ముందు చప్పుడు మెత్తబడిపోతుంది, తాన్లన్నీ దాన్ని మింగేస్తాయి. సందు మొదట్లో చెంపకు గాలి తగులుతుంది. వంతెన కిందికి వెళితే నెత్తిన మూతపెట్టినట్టు ఊరి మోత ఒక్కసారిగా దగ్గరికొస్తుంది, బయటికి రాగానే మూత తీసేసినట్టు ఆకాశం తెలుస్తుంది. ఆకాశం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే, "పైనుంచి ఏమీ వెనక్కి రాకపోవడం," అనేది పిట్ట.

ఉద్యోగం ఆస్పత్రిలో దొరికింది. ఎక్స్‌రే ఫిల్ములు కడిగే చీకటి గది ఆమెది. ఎక్స్‌రే తీసే ఆయన గోడలోని చిన్న అర తలుపు తీసి ఫిల్ము పెట్టె లోపలికి తోసేవాడు. పిట్ట పెట్టె తెరిచి, ఫిల్మును అంచులతో పట్టుకుని స్టీలు చట్రానికి తగిలించి మందు తొట్టిలో ముంచేది. గంట మోగాక తీసి నీళ్లలో ఆడించి రెండో తొట్టిలో వేసేది. ఆ తొట్టి పుల్లటి వాసన చీర కొంగుకు పట్టేసి ఇంటిదాకా వచ్చేది. ఆ గదిలోకి ఎవరొచ్చినా చేతులు చాచి తడుముకుంటూ నిలబడాల్సిందే. పిట్ట వాళ్ల భుజం పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టేది. చీకట్లో కూర్చుంటే మనుషులకు ఎందుకో కబుర్లు పుట్టుకొస్తాయి. గంట మోగేదాకా ఇంటి సంగతులన్నీ చెప్పుకునేవాళ్లు.

రోజూ బాబాయి పాత రూటులోనే వెళ్లిరావడం. ఆయన మోకాళ్లు అరిగిపోయి అప్పటికే ఉద్యోగం మానేశాడు. కండక్టర్లు మారారు, గొడుగాయన రావడం మానేశాడు, గంపావిడ ఏమైందో తెలీదు. పిట్ట వెనకటిలాగే కిటికీ పక్కన కూర్చునేది. బస్సు ఆగినప్పుడు చల్లగాలి తెర వచ్చి మొహాన్ని తాకి పోయేది. ఒకరోజు ఆస్పత్రిలో పని తొందరగా అయిపోయింది. ఇంటికెళ్లాలనిపించలేదు. కండక్టరు "చెరువు దిగేవాళ్లు!" అనగానే లేచి దిగేసింది. గట్టు మీద కాసేపు కూర్చోవచ్చు, వీలైతే పడవ కూడా ఎక్కొచ్చు అనుకుంది.

బస్సు కదిలి వెళ్లిపోయింది. దాని మోత దూరమయ్యేదాకా ఆగింది. అప్పుడు, చిన్నప్పట్నుంచీ అనుకున్నట్టే, చెరువుకేసి తిరిగి నాలుకతో టక్ మంది.

చప్పుడు వెంటనే వెనక్కి వచ్చింది. గట్టిగా, దగ్గరగా.

పిట్ట తల కొంచెం పక్కకు తిప్పి మళ్లీ టక్ మంది. మళ్లీ వచ్చింది. కర్ర చాచి ముందుకెళ్లింది. కర్ర మొన రాతికి తగిలింది. చెయ్యి పెడితే ఎత్తుగా గోడ. పైపైన చెమ్మగా ఉంది, లోపలి నుంచి చల్లదనం అరచేతిలోకి పాకుతోంది. గోడ వెంబడే నడిచింది. గేటు దగ్గర ఘాటైన వాసనేదో ముక్కుకు తగిలింది, లోపల సర్రున ఏదో జారి దబ్బుమంది.

"ఎవరు కావాలమ్మా?" అన్నాడు గేటు దగ్గరి మనిషి.

"ఇక్కడ చెరువు..."

"చెరువు లేదమ్మా, ఐసు ఫ్యాక్టరీ. అదిగో, దిమ్మలు లారీకి ఎక్కిస్తున్నారు."

"మరి స్టాపుకి ఆ పేరేంటి?"

"ముందునించీ అంతే. వెనకెప్పుడో పెద్ద చెరువుండేదట. పూడ్చేసి కట్టారని చెప్తారు. పడవలు కూడా తిరిగేవంటమ్మా, మా పెద్దాళ్లు చూశారు."

పిట్ట గోడ వెంబడే స్టాపుకి తిరిగి నడిచింది. తర్వాత బస్సెక్కి ఇంటికొచ్చింది.

మర్నాటి నుంచి ఊరు ఊరిలా లేదు. బస్సు మలుపు తిరుగుతుంటే తెల్ల ఇల్లు రావాలి. వచ్చిందా? కూడలి చుట్టూ తిరుగుతుంటే గుర్రం ఒక కాలెత్తి నిలబడి ఉండాలి. ఉందా? కర్రకు తగిలినంత మేరా ఊరు గట్టిగా ఉంది. ఆ పైనున్నదంతా ఎవరో ఊది వదిలిన పొగలా ఊగుతోంది. ఇన్నాళ్లూ తను తిరిగిన వీధుల్లో తను తప్ప ఇంకెవరూ తిరగలేదన్నమాట.

చీకటి గదిలో ఆరిన ఫిల్ము ఒకటి చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడిపోయింది. ఎక్స్‌రే ఆయన తలుపు తట్టి, "అయిందామ్మా?" అన్నాడు.

"సార్, ఒకటడగనా? ఇందులో నిజంగా ఎముకలు కనిపిస్తాయా?"

"అదేంటి, ఇన్నాళ్లూ కడుగుతున్నదేంటి మరి?"

"నా చేతికి తగిలేది నున్నటి రేకు. మీరంతా ఎముకలున్నాయంటారు. సరే కాబోలనుకున్నా."

ఆయన నవ్వలేదు. తలుపు తీసి, బయటి వెలుతురులో ఆమె వేలు పట్టుకుని ఫిల్ము మీద మెల్లగా జరిపాడు. "ఇక్కణ్ణించి ఇక్కడిదాకా ముంజేయి. ఇదిగో, ఇక్కడ విరిగింది." వేలి కింద అంతా ఒకే నునుపు. విరిగిన చోట కూడా.

"నాకేం తెలీడం లేదు సార్."

"నేను మాత్రం ఆ మనిషి చెయ్యి కోసి చూశానా? నేనూ నమ్ముతున్నానమ్మా," అన్నాడాయన, ఫిల్ము తీసుకుని వెళ్లిపోతూ.

ఆ సాయంత్రం పిట్ట మేడెక్కకుండా సరాసరి బాబాయి గదిలోకి వెళ్లింది. ఆయన కిరసనాయిలు స్టవ్వు మీద టీ కాచుకుంటున్నాడు.

"బాబాయ్, చెరువు దగ్గర దిగాను."

చెంచా తిప్పుతున్న చప్పుడు ఆగిపోయింది. "ఎందుకు దిగావ్?"

"చెరువుందని."

స్టవ్వు మంట సన్నగా బుసకొడుతోంది. "ఎవరన్నా ఏమన్నా అన్నారా?" అన్నాడు చివరికి.

"గోడ చెప్పింది."

బాబాయి నవ్వబోయాడు. ఆమె మొహం చూసి మానుకున్నాడు. "అది కాదు పిట్టా, చిన్నపిల్లవి..."

"నీకు అది ఆట బాబాయ్. నేను అందులోనే పెరిగాను. బస్సులో అందరికీ తెలుసు, నాకొక్కదానికే తెలీదు. రోజూ నన్ను మధ్యలో కూర్చోబెట్టుకుని నవ్వుకున్నారా?"

"ఒట్టు, ఒక్కడూ నవ్వలేదే," అన్నాడు బాబాయి. "ఆ గొడుగాయన లేడూ, చెరువు దాటాకే పేపరు తెరిచేవాడు. మరి నన్నేం చెప్పమంటావ్? ఆ దారి పొడుగునా గోడలు. గోడ, గోడ అన్నప్పుడల్లా నీ మొహం అద్దంలో కనబడేది నాకు. చూడలేకపోయాను."

పిట్ట తలుపుకు ఆనుకుని నిలబడింది. "ఇంకా ఏమేం లేవు? తెల్ల ఇల్లు?"

"ఇల్లుంది. తెల్లది కాదు. కిటికీలు కూడా రెండే."

"గుర్రం మీద మనిషి?"

"మనిషి ఉన్నాడు."

"గుర్రం?"

బాబాయి కాసేపు నసిగాడు. "గుర్రం నేనెక్కించాను."

ఇంకో రోజైతే పిట్ట పకపకా నవ్వేదే. ఆ రోజు నవ్వు రాలేదు. "మెట్ల వీధి?" అంది.

ఈసారి చెంచా కింద పెట్టేసిన చప్పుడు. "ఏమోనే," అన్నాడు బాబాయి. "అది ఉందో, నేను పెట్టానో, ఇప్పుడు నాకే తెలీడం లేదు."

పిట్ట విసురుగా బయటికొచ్చి మెట్లెక్కేసింది. టీ పొంగి స్టవ్వు మీద పడ్డ వాసన మేడ మీదికి కూడా వచ్చింది.

చాలా రోజులు కింది గది ముందునుంచి ఆగకుండా వెళ్లిపోయేది. తలుపు తెరిచి ఉందని చప్పుడు చెప్పేది, లోపల మనిషి కదలకుండా కూర్చున్నాడనీ చెప్పేది. చివరికి తల్లే కలగజేసుకుంది. మిషను ఆపి, "మీ బాబాయి సరిగ్గా తినట్లేదు. చెరువు సంగతి నాకు చెప్పాడు," అంది. తల్లి దారం కొరికి మళ్లీ అంది. "నేనూ ఒకసారి మీతో ఆ బస్సెక్కాను, గుర్తుందా? అక్కడేం లేదని నాకు తెలుసు. అయినా కండక్టరు చెరువనగానే నేనూ తల తిప్పి చూశానే. ఎందుకు చూశానో మరి!"

పిట్ట ఆ మాట రెండు రోజులు నమిలింది. ఆ వచ్చిన సెలవు రోజు పొద్దున్నే కిందికి దిగి, "బాబాయ్, చెప్పులేసుకో," అంది.

"ఎక్కడికి?"

"నీ రూటంతా నడుద్దాం. నువ్వు ఏదీ చెప్పకూడదు. నేను చెప్తాను."

"నా మోకాళ్ల సంగతి తెలుసుగా."

"ఎన్ని రోజులైనా పట్టనీ. ఎవరు తరుముతున్నారు?"

బాబాయి అలవాటు కొద్దీ ఆమె చెయ్యి పట్టుకుని ముందు నడవబోయాడు. పిట్ట చెయ్యి విడిపించుకుంది. "అలా కాదు. నా మోచెయ్యి నువ్వు పట్టుకో. అర అడుగు వెనక నడు. నేను ఆగితే ఆగాలి." బస్సునిండా జనాన్ని మోసిన మనిషి బుద్ధిగా ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

జీవితమంతా తిరిగిన దారిని ఆయన ఎప్పుడూ నడిచి ఎరగడు. ఆయనకు తెలిసినదంతా అద్దం అవతల వెనక్కి పరుగెత్తే ఊరు. పిట్ట ఊరు నిదానంగా, ఒక్కొక్కటిగా దగ్గరికొచ్చి పలకరించే ఊరు. "ఇది చెప్పుల కొట్టు, తోలు వాసన. పక్కది తాళాలు వేసి ఉంది, ఇనప తలుపు కదూ? చప్పుడు గరగరలాడుతూ వచ్చింది. ఇక్కడ ఆగు. ఈ రెండిళ్ల మధ్య గాలి ఎప్పుడూ పైకి పోతుంది, కిందినుంచి పొయ్యిలోంచి వచ్చినట్టు." బాబాయి చూశాడు. రెండిళ్ల మధ్య రొట్టెల బట్టీ పొగగొట్టం ఉంది. ఏదో చెప్పబోయి నిబంధన గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

మొదటి రోజు వంతెన దాకా. తర్వాతి సెలవు రోజు కూడలి దాకా. విగ్రహం దిమ్మె చుట్టూ పిట్ట చేత్తో తడుముకుంటూ తిరిగింది. రాతి బూట్లు అందాయి. "పాపం, ఇన్నాళ్లూ నిలబడే ఉన్నాడా?" అంది. అప్పుడొచ్చింది నవ్వు. ఇద్దరూ దిమ్మె మీద చతికిలబడి కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వుకున్నారు.

మూడో నడకలో బాబాయి కళ్లు మూసుకుంటానన్నాడు. పిట్ట వద్దంది. మూసుకున్నాడు. ఎదురుగా వస్తున్న మనిషికి దారివ్వబోయి మోచెయ్యి వదిలేసి కరెంటు స్తంభానికి నుదురు కొట్టుకున్నాడు. బొప్పి కట్టింది. "స్తంభం పెట్టింది నువ్వేనా బాబాయ్, నిజంగానే ఉందా?" అంది పిట్ట. "ఉంది తల్లీ, గట్టిగానే ఉంది," అన్నాడాయన బొప్పి రుద్దుకుంటూ.

చెరువు స్టాపు వచ్చింది. పిట్ట ఆయన అరచెయ్యి తీసి గోడకు ఆనించింది. బాబాయి కళ్లు మూసుకునే ఉన్నాడు. లోపలెక్కడో బరువైనదేదో సర్రున జారింది.

"పడవలు లాగుతున్నారనుకునేదాన్ని," అంది పిట్ట.

ఆయన చాలాసేపు గోడమీంచి చెయ్యి తియ్యలేదు. "ఎన్నిసార్లు పోయాను దీని పక్కనుంచి! ఇంత చల్లగా ఉంటుందని తెలీదే. ఈ చప్పుడూ వినలేదు. నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నీకు తెలుసనుకున్నా. చూస్తున్నవాడివి నువ్వేగా."

మెట్ల వీధి కోసం వెతికారు కానీ దొరకలేదు. ఉండే ఉంటుందని ఇద్దరికీ అనుమానం. వానలు వచ్చేదాకా ఆ నడకలు సాగాయి, వానలు వెలిశాక మళ్లీ సాగాయి. తర్వాతి రోజుల్లో ఆస్పత్రిలోకి కొత్త యంత్రాలు వచ్చి ఫిల్ములు కడిగే పని లేకుండా పోయింది, చీకటి గదిలో గోడకు తెల్ల దీపాలు పెట్టి మందుల అట్టపెట్టెలు సర్దారు. పిట్టను ఫోన్లు ఎత్తే బల్ల దగ్గరికి మార్చారు. అక్కడ కిటికీ ఉంది, ఆమెకు అది నచ్చింది. బాబాయికి చూపు మసకబారాక మోచెయ్యి పట్టుకోవడం సరదా పోయి అవసరమైంది. అప్పుడప్పుడూ ఆయనకు పాత పురుగు కుట్టి, "అదుగో, మేడ మీద ఎవరో నెమలిని పెంచుతున్నారు," అనేవాడు. "ఉన్నదా, నువ్వు పెట్టిందా?" అని అడిగేది పిట్ట. "పెట్టిందే," అని ఒప్పేసుకునేవాడు. "సరే, ఉండనీ," అనేది.

మొదటి నడకలు పూర్తయిన రోజు సంగతి ఒకటి చెప్పాలి. గూడ్సు యార్డు దగ్గర రూటు అయిపోతుంది. బస్సు వెనక్కి తిరిగే చోటు అది. బాబాయి అక్కడికి రాగానే టక్కున ఆగిపోయాడు, ఒళ్లు దానంతటదే కుడిపక్కకు తిరగబోయింది.

"ఇంతేనే. ఇక్కణ్ణించి వెనక్కే."

"ఇటు తర్వాత ఏముంది?"

"ఏమో. నేనెప్పుడూ పోలేదు."

"పదా మరి," అంది పిట్ట.

కాస్త దూరంలో తారు అయిపోయింది, మట్టి మొదలైంది. కర్ర చప్పుడు చెయ్యడం మానేసింది. మోకాళ్లకు గడ్డి తగులుతోంది. ఊరి మోత వీపు వెనక్కి చేరి, పక్కింట్లో మాటల్లా సన్నబడింది. పిట్ట నిలబడి టక్ మంది. చప్పుడు కొంత దూరం వెళ్లింది. ఆ తర్వాత ఎన్నడూ ఎరగని తీరులో వెనక్కొచ్చింది, మెత్తగా, ముక్కలు ముక్కలుగా, ఊగుతూ. గోడ కాదు. చెట్లు కాదు. మళ్లీ టక్ మంటే ఈసారి ఇంకో చోటినుంచి వచ్చింది, ఆ వస్తువేదో కదిలినట్టు.

బాబాయి మోచేతి మీద వేళ్లు బిగించాడు. "చెప్పనా?"

"వద్దు."

ముందుకు నడిచింది. సబ్బు వాసన, ఎండ వాసన. తడిగా, చల్లగా, పెద్దదొకటి మొహానికి మెత్తగా అంటుకుని జారిపోయింది. వెనకే ఇంకొకటి వచ్చి భుజాన్ని చుట్టుకుని వదిలేసింది. గాలి వీస్తే చుట్టుపక్కలంతా ఒకేసారి రెక్కలు కొట్టుకున్నట్టు చప్పుడు. వరసలు వరసలుగా తీగల మీద ఆరేసిన దుప్పట్లు. పిట్ట కర్రను చంకలో పెట్టుకుని, రెండు చేతులూ చాచి వాటి మధ్యలోంచి నడుస్తూ పోయింది. ఎడమకు తిరిగితే తడి బట్ట, కుడికి తిరిగితే ఆరిన బట్ట. ఎటు పోయినా దారే, ఏ దారీ రెండోసారి అక్కడ ఉండదు. బాబాయి ఎక్కడున్నాడో తెలీలేదు, "పిట్టా, పిట్టా" అని మాత్రం వినబడుతోంది, అదీ బట్టల మడతల్లో చుట్టుకుని వచ్చినట్టు.

"ఎవరయ్యా అది? ఉతికిన దుప్పట్ల మీద ఆ చేతులేంటి?" అని ఒక ఆడగొంతు ఖణీమంది.

బాబాయి ఏదో వరసలోంచి కంగారుగా బయటపడ్డాడు. "తప్పయిపోయిందమ్మా, దారి తప్పి వచ్చాం."

"దారి తప్పలేదు," అంది పిట్ట, ఇంకో వరసలోంచి.

బట్టలుతికే ఆవిడ దగ్గరికొచ్చింది. కర్ర చూసినట్టుంది, ఒక్క క్షణం ఆగింది. కానీ గొంతు మాత్రం తగ్గించలేదు. "సరే వచ్చారుగా. ఊరికే నిలబడే బదులు ఈ కొస పట్టుకోండి. ఒక్కదాన్నే మడతపెట్టలేక చస్తున్నా."

దుప్పటి రెండు కొసలు పిట్ట చేతుల్లోకి వచ్చాయి. అవతలి కొసలు పట్టుకుని ఆవిడ లాగింది. మధ్యలో గుడ్డ బిగిసి టప్పుమంది. ఇద్దరూ దగ్గరికి నడిచి కొసలు కలిపారు, మళ్లీ దూరం జరిగారు. బాబాయి గడ్డిలో కూర్చుని మోకాళ్లు ఒత్తుకుంటున్నాడు. ఇంకా చాలా దుప్పట్లున్నాయి.